28 సెకన్ల పాట సగం పాట కాదు

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. ఇప్పటి పాటలు రెండు నిమిషాలకే అయిపోతున్నాయని, రీల్స్ వచ్చాక పిల్లల్లో ఓపిక చచ్చిపోయిందని, ఒక్క పల్లవిని రెండుసార్లు తిప్పి పాట అనిపించేస్తున్నారని ఆయన బాధ. ఆ బాధ నాకూ ఉంది. కానీ చివర్లో ఆయన ఇంకో మాట అన్నారు. పొట్టి పాటంటే చేతకాక మధ్యలో వదిలేసిన పాటేనని, ఏ కాలంలోనూ మంచి సంగీతకారులు అలా చేయలేదని. అక్కడ నా మనసు ఒప్పుకోలేదు. వారం నుంచి వంట చేస్తున్నా, బస్సులో కూర్చున్నా అదే గుర్తొస్తోంది. అందుకే రాస్తున్నాను, కాస్త పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

1977 నవంబర్‌లో ఇంగ్లండ్‌లో ఒక రికార్డు విడుదలైంది. బ్యాండ్ పేరు వైర్, రికార్డు పేరు పింక్ ఫ్లాగ్. మొత్తం నిడివి ముప్పై ఐదున్నర నిమిషాలు, అందులో పాటలు 21. ఒక వైపు పది, రెండో వైపు పదకొండు. ఆరు పాటలు నిమిషం కూడా ఉండవు. అన్నిటికన్నా చిన్నది 28 సెకన్లు. అప్పటికి సెల్‌ఫోన్ లేదు, రీల్స్ లేవు, స్క్రోల్ చేసే వేలు లేదు. కాబట్టి పొట్టి పాట ఫోన్‌తో పుట్టిందన్న మాట చరిత్రకి నిలవదు. అంతకంటే నాకు ముఖ్యమైంది ఏమిటంటే, ఆ 21 పాటల్లో ఒక్కటి కూడా నాకు మధ్యలో వదిలేసినట్టు అనిపించదు.

నేను ఈ మాట అనడానికి నా పని కూడా ఒక కారణం. ఇరవై రెండేళ్లుగా ప్రకటనలకి గొంతు ఇస్తున్నాను. శ్రీనగర్ కాలనీ వైపు ఒక చిన్న డబ్బింగ్ స్టూడియోలో నా సగం జీవితం గడిచింది. 30 సెకన్ల స్పాట్ అంటే, చివర్లో వచ్చే ట్యూన్ పోను మాటలకి మిగిలేది 26, 27 సెకన్లే. అందులో యాభై, యాభై ఐదు తెలుగు మాటలు పడతాయి, అదీ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటేనే. ఒక్క మాట ఎక్కువైతే అమ్మ గొంతు కాస్తా వేలంపాట గొంతు అయిపోతుంది. స్క్రిప్ట్ రాసినవాళ్లు 'ఎంతో', 'చాలా', 'నిజంగా' అని పెడతారు, నేను మైకు ముందు నిలబడి ఒక్కొక్కటీ కొట్టేయమని బతిమాలతాను. అలా కొట్టేసుకుంటూ పోతే కొన్నిసార్లు చివరికి ఒక తల్లి, ఒక పిల్లాడు, ఒక వర్షం సాయంత్రం, అంతా 27 సెకన్లలో నిలబడతాయి. 28 సెకన్లలో ఏం పడుతుందో నాకు చేత్తో తెలుసు, గొంతుతో తెలుసు.

ఈ రికార్డు నాకు ఇచ్చింది మా స్టూడియోలో రికార్డింగ్ ఇంజినీరుగా చేసే అన్న. టేకుకీ టేకుకీ మధ్య హెడ్‌ఫోన్స్ చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా, వినమ్మా అన్నాడు. మొదటి పాట నెమ్మదిగా, బరువుగా మొదలైంది. రెండోది మొదలై నేను కాలు కదిపేలోపు ఆగిపోయింది. వైరు ఊడిందేమో అనుకుని హెడ్‌ఫోన్ పిన్ను తీసి మళ్లీ పెట్టాను. ఆలోపు మూడోది సగానికి వచ్చేసింది. ఊడలేదమ్మా, పాట అయిపోయింది అన్నాడు. ఆ రోజు నాకు కోపమే వచ్చింది. ఇంటికెళ్లాక మాత్రం, ఆ ఆగిపోయిన చోటు చెవిలో మోగుతూనే ఉంది.

ముందు ఆ మొదటి రెండు పాటల గురించి చెప్పాలి, ఎందుకంటే రెండూ మీ వృత్తి గురించే. మొదటి పాట పేరు రాయిటర్స్. అవును, వార్తా సంస్థ పేరే. ఒక విలేకరి ఎక్కడో కల్లోలం జరుగుతున్న చోటు నుంచి తన పత్రికకి కబురు పంపుతున్నాడు. సరిహద్దుల్లో కదలిక ఉంది, తిండి తక్కువైంది, ప్రభుత్వం కూలాక ధరలు పెరిగాయి, ఈగలూ ఎలుకలూ బాగున్నాయి అని చదువుకుంటూ పోతాడు. గొంతులో ఏడుపు ఉండదు, ఆవేశం ఉండదు, కబురు చదివినట్టే ఉంటుంది. చివరికి తన దగ్గర టేపు అయిపోతోందని చెప్తాడు. కాల్పులు పెరుగుతున్నాయి, దోపిడీ, దహనం, ఇంకా చెప్పలేని మాట ఒకటి, ఆ ఒక్క మాటనే నెమ్మదిగా, మళ్లీ మళ్లీ, అందరూ కలిసి పలుకుతారు. మూడు నిమిషాల పాట ఇది. టేపు అయిపోయే మనిషి దగ్గర ఎంత సమయం ఉంటుందో పాటకీ అంతే ఉంది.

అది ముగిసీ ముగియగానే ఆ 28 సెకన్ల పాట, ఫీల్డ్ డే ఫర్ ది సండేస్. సండేస్ అంటే అక్కడి ఆదివారం పత్రికలు, పెద్దవాళ్ల పడకగది సంగతులు మొదటి పేజీలో వేసేవి. వాటికి దొరికిపోవాలని, తన బతుకు అల్లరైపోవాలని, భార్య తలెత్తుకోలేకపోవాలని కోరుకునే మనిషి ఈ పాటలో మాట్లాడతాడు. సోమవారం ఉదయం పేస్టుతో తోముకున్నా పోని చేదు గురించి చెప్తాడు. అంతే, ఆగిపోతుంది. మూడు నిమిషాల పాటు ఎక్కడో దూరదేశంలో మనుషులు చస్తున్న కబురు విన్నాం, వెంటనే 28 సెకన్ల గాసిప్ విన్నాం. పత్రికలో కూడా రెండూ పక్కపక్కనే ఉంటాయి కదా. ఆ రెండో పాటని మూడు నిమిషాలకి సాగదీసి ఉంటే, ఇంకో చరణం పెట్టి ఉంటే, ఆ పోలిక చచ్చిపోయేది. గాసిప్ నిడివి గాసిప్‌కే ఉండాలి. మీ పత్రికలో నాలుగు లైన్ల సంక్షిప్త వార్తని ఎవరూ అసంపూర్తి వార్త అనరు. పాటని మాత్రం ఎందుకంటారు?

ఆ అన్న ఇచ్చిన రికార్డుని మొన్న దసరా సెలవుల్లో మా ఇంట్లో అందరికీ వినిపించాను. మాది సికింద్రాబాద్, పాత రెండు గదుల ఇల్లు, వరండాలో స్పీకర్లు పెట్టుకుంటే పక్కింటివాళ్లు కూడా వస్తారు. ఆ మధ్యాహ్నం ఏడుగురం అయ్యాం. వాళ్లన్న మాటలే ఈ ఉత్తరానికి అసలు కారణం, ఎందుకంటే మీ పాఠకుడు అన్నదే మొదట మా పెద్దన్నయ్య కూడా అన్నాడు.

మా అన్నయ్య పాత సినిమా పాటల మనిషి. పల్లవి, బిట్, చరణం, మళ్లీ పల్లవి, ఇంకో బిట్, రెండో చరణం, ఆ మెట్లు కాలికి అలవాటైనవాడు. ఐదు పాటలయ్యాక, "అమ్మడూ, పల్లవి విన్నాం, మరి చరణం ఎప్పుడొస్తుంది?" అన్నాడు. రాదన్నయ్యా అన్నాను. అయితే ఇది ట్యూను కట్టే ముందు వేసుకునే డమ్మీ అన్నాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. చాలామంది ఈ రికార్డు విని ఇదే అంటారు, ఇవి పాటలు కావు, పాటలకి వేసుకున్న చిత్తుప్రతులు అని. పైగా ఆ నలుగురికీ అప్పటికి వాయిద్యాల మీద పెద్ద పట్టు లేదు. కోలిన్ న్యూమన్ పాడతాడు, గిటార్ వాయిస్తాడు, వాట్‌ఫర్డ్ ఆర్ట్ కాలేజీలో చదువుకున్నవాడు. బ్రూస్ గిల్బర్ట్ రెండో గిటార్, అప్పటికే ముప్పై ఒక్కేళ్లు, పంక్ అనే మొరటు, వేగపు రాక్ వాయించే కుర్రాళ్లలో ఆయన పెద్దవాడి కిందే లెక్క. గ్రాహం లూయిస్ బేస్, రాబర్ట్ గోటోబెడ్ డ్రమ్స్. శాస్త్రం నేర్చుకుని వచ్చిన వాళ్లు కాదు. చేతకాకపోవడం వల్లే పొట్టిగా ఆపేశారనడం సులువు.

కానీ అదే రికార్డులో రెండో వైపు స్ట్రేంజ్ అనే పాట ఉంది. దాదాపు నాలుగు నిమిషాలు, నెమ్మదిగా ఈడ్చుకుంటూ నడుస్తుంది, అందులో ఫ్లూట్ కూడా వినిపిస్తుంది. మొదటి వైపు ఆఖరి పాట, రికార్డు పేరే దాని పేరు, మూడు ముప్పావు నిమిషాలు. అక్కడ గిటార్లు ఒకే చోట నిలబడి బిగుసుకుంటూ బిగుసుకుంటూ పోతాయి, ఎంతమంది పోయారు, ఎంతమంది మిగిలారు అన్న అర్థం వచ్చే కేక ఒకటి, చివరికి డ్రమ్స్ మీద వాన పడ్డట్టు మొత్తం కూలిపోతుంది. పొడుగ్గా ఉండాల్సిన పాట పొడుగ్గానే ఉందన్నమాట. కాబట్టి తక్కినవి పొట్టిగా ఉండటం వాళ్లు కావాలని తీసుకున్న నిర్ణయం. మాటలు అయిపోతే పాట ఆపేయాలి, అదీ వాళ్ల పద్ధతి. పల్లవిని మళ్లీ తేవడం కోసమని తేవద్దు, సోలో వాయించడం కోసమని వాయించొద్దు.

ఇంకో సంగతి మా అన్నయ్యకి చెప్తే ఆశ్చర్యపోయాడు. ఈ రికార్డు వేసింది ఇఎంఐ అనే రికార్డు కంపెనీ వాళ్ల హార్వెస్ట్ అనే లేబుల్, అంటే వాళ్ల బ్రాండు. అదే లేబుల్ మీద 1971లో పింక్ ఫ్లాయిడ్ అనే బ్యాండ్ రికార్డు ఒకటి వచ్చింది, అందులో ఒక్క పాటే 23 నిమిషాలు, ఎల్పీ ఒక వైపు మొత్తం అదే. ఆరేళ్ల తర్వాత అదే లేబుల్, ఒక వైపు పది పాటలు. ఆ 23 నిమిషాల పాట నాకు చాలా ఇష్టం, దాన్ని ఇక్కడ తక్కువ చేసి మాట్లాడటం లేదు. దానికి 23 నిమిషాలు కావాలి, తీసుకుంది. దీనికి 28 సెకన్లు చాలు.

మా పక్కింటి మాస్టారు మృదంగం చెప్తారు, డెబ్బై దాటాయి. రాక్ అంటే గోల అని ముందే అన్నారు, అయినా కాఫీ కోసం కూర్చున్నారు. ఆయన పాటలు వినలేదు, డ్రమ్స్ ఒక్కటే విన్నారు. తొడ మీద వేళ్లతో లెక్క వేసుకుంటూ కూర్చుని, ఎనిమిదో పాట దగ్గర అన్నారు, "ఈ అబ్బాయి ఎక్కడా చెయ్యి జారనివ్వడం లేదమ్మా, ఒక్క మొహ్రా కూడా వేయడం లేదు." మొహ్రా అంటే ముగింపుకి ముందు వాయించే జతి. మెచ్చుకుంటున్నారా, తిడుతున్నారా అర్థం కాలేదు. అడిగితే కాసేపు ఆలోచించి, కచేరీలో గాయకుడి వెనక అవసరమైనంతే వాయించి ఊరుకోవడం తమ గురువుగారు రెండేళ్లు నేర్పారని, అన్నిటికన్నా కష్టమైంది అదేనని చెప్పారు. ఆ తర్వాత ముగింపుల గురించి ఆయన చెప్పింది నేను మర్చిపోలేను. మన దగ్గర ముగింపు ముందే తెలుస్తుంది, తీర్మానం అనే ముగింపు జతి పడుతుంది, వినేవాడు తలూపడానికి సిద్ధమవుతాడు, ఇక్కడ తలుపు తీసుకుని వెళ్లిపోయినట్టుంది, అది తనకి నచ్చలేదు అన్నారు. నచ్చలేదన్న మాట కూడా నేను ఇక్కడ రాయాలి. ఆయన అంత శ్రద్ధగా విని నచ్చలేదన్నారు, దానికి నా దగ్గర జవాబు లేదు, గౌరవం ఉంది.

మా ఇంజినీరు అన్న వాదన వేరు. ఇది అసలు పోస్ట్ పంక్, అంటే పంక్ తర్వాత కొత్త దారి పట్టిన సంగీతం, కాదు, పంకే అంటాడు. ఈ తగువు ఈ రికార్డు వినేవాళ్ల మధ్య ఎప్పటి నుంచో ఉంది. 1977 మొదటి నెలల్లో లండన్‌లోని రాక్సీ అనే క్లబ్బులో పంక్ బ్యాండ్లని రికార్డు చేసి ఆ వేసవిలో ఒక లైవ్ ఎల్పీ వేశారు, అందులో వైర్ పాటలు రెండున్నాయి. ఆ రెండూ మళ్లీ ఈ రికార్డులో ఉన్నాయి. దాన్ని తీసుకొచ్చిన మైక్ థోర్న్ దీనికీ ప్రొడ్యూసర్. వేగం పంక్‌దే, కోపం పంక్‌దే, మూడే స్వరాల గుత్తుల (కార్డ్స్) గిటార్ మోత పంక్‌దే. అయితే పంక్ బ్యాండ్లు రాక్‌ని వేగంగా వాయించాయి, వీళ్లు రాక్‌లోంచి ఒక్కొక్కటీ తీసేశారు. సోలో తీశారు, రెండో చరణం తీశారు, ముగింపు తీశారు. తీసేశాక మిగిలింది ఏమిటో చూశారు. తర్వాతి ఏడాది, 1978లో చెయిర్స్ మిస్సింగ్ అనే రికార్డులో సింథసైజర్లు వచ్చాయి, పాటలు పెరిగాయి, వింతగా మారాయి. 1979లో మూడోది, ఇంకా చల్లగా, ఇంకా పెద్దగా. మా ఇంజినీరు అన్నకి ఆ 1978 రికార్డే అసలు రికార్డు, ఇది దానికి మెట్టు. నాకు మాత్రం మెట్టూ మేడా అన్న లెక్క లేదు. ఈ పేరు పెడితేనేం, ఆ పేరు పెడితేనేం, వినేటప్పుడు నా వెన్ను నిటారుగా అవుతుంది.

మా అమ్మాయి విన్న తీరు ఇంకోటి. ఇంజినీరింగ్ మూడో ఏడు. ఫోన్‌లో షఫుల్, అంటే పాటల వరుస కలిపేసేది, పెట్టుకుని వినేసి, బాగుందమ్మా, కానీ వర్కవుట్ ప్లేలిస్టులా ఉంది అంది. మధ్యలో వేరే బ్యాండ్ల పాటలు కూడా దూరాయి. నేను ఫోన్ పక్కన పెట్టించి, వరుసగా, ఒక వైపు అయ్యాక రెండు నిమిషాలు ఆపి, రెండో వైపు వినిపించాను. పిన్ను ఎత్తి పళ్లెం తిప్పే సమయం అంతే కదా. అప్పుడు తనే పట్టుకుంది, నాలుగో పాటలో టీవీకి అతుక్కుపోయిన మనిషి ఉన్నాడని, రెండో వైపు మొదటి పాట పేరే కమర్షియల్ అని, అందులో మాటలే లేవని. అమ్మా, నీ ఉద్యోగం మీద పాట, నువ్వే లేవు అందులో అంది. 49 సెకన్ల వాయిద్యం అది, టీవీలో ప్రకటనల విరామం వచ్చినట్టు వచ్చి పోతుంది. విలేకరి కబురుతో మొదలై, ఆదివారం పత్రిక, టీవీ, ప్రకటన, ఇవన్నీ మధ్యమధ్యలో ఎదురవుతుంటే, ఒక ఇంట్లో ఒక రోజంతా రేడియో, పేపరు, టీవీ మోగుతున్నట్టు ఉంటుంది. షఫుల్‌లో ఇదంతా పోతుంది.

ఇక్కడే మీ పాఠకుడి బాధ దగ్గరికి మళ్లీ వస్తాను. ఇప్పటి పొట్టి పాటలూ ఆ పొట్టి పాటలూ ఒకటి కావు, ఆయన ఆ రెండిటినీ ఒకే గాట కట్టేశారు. స్పాటిఫైలో ఒక పాటని కనీసం 30 సెకన్లు వింటేనే ఒకసారి విన్నట్టు లెక్క, ఆ లెక్క మీదే డబ్బులు. అందుకని మొదటి అర నిమిషంలోనే హుక్, అంటే చెవిని పట్టేసే ముక్క, పెట్టాలి, వినేవాడు జారిపోకుండా చూడాలి, త్వరగా ముగించాలి, మళ్లీ మొదటి నుంచి వినేట్టు చేయాలి. నాకు ఈ లెక్క బాగా తెలుసు, మా ప్రకటనల లెక్కా ఇదే. ఇప్పుడు ఆ 28 సెకన్ల పాటని ఈ లెక్కలో పెట్టి చూడండి. ఎవరైనా దాన్ని మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా విన్నా, కళ్లు మూసుకుని విన్నా, 30 సెకన్లు నిండవు కాబట్టి విన్నట్టే కాదు. లక్ష మంది పూర్తిగా విన్నా సున్నాయే. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిజంగా కడుపులో తిప్పినట్టయింది. వినేవాణ్ని పట్టి ఉంచడానికి పొట్టిగా చేసిన పాట వేరు, చెప్పాల్సింది అయిపోయింది కాబట్టి ఆగిన పాట వేరు. మొదటిది గడియారం చూసుకుంటూ చేసింది. రెండోదానికి గడియారంతో పనే లేదు.

వినేవాళ్ల అభిప్రాయాలంటే మాటల్లో చెప్పినవే కాదు, చేతుల్తో చెప్పినవీ ఉంటాయి. విడుదలైనప్పుడు ఇంగ్లండ్ చార్టుల్లో ఈ రికార్డుకి చోటు దక్కలేదు. కానీ విన్నవాళ్లలో ఎంతమంది గిటార్ పట్టుకున్నారో చూడండి. అమెరికాలో కాలిఫోర్నియా రేవు పట్టణం శాన్ పెడ్రోలో మినిట్‌మెన్ అనే ముగ్గురు కుర్రాళ్లు, పాట ఇంత చిన్నగా ఉండొచ్చా అని వీళ్లని చూసి ధైర్యం తెచ్చుకున్నారు, 1981లో వాళ్ల రికార్డు ఒకటి 18 పాటలతో 15 నిమిషాల్లో ముగిసింది. వాషింగ్టన్‌లో మైనర్ థ్రెట్ అనే బ్యాండ్ ఈ రికార్డు చివరి పాటని తమ వేగంలో మళ్లీ పాడింది. ఆర్‌ఈఎమ్ అనే అమెరికా బ్యాండ్ వాళ్లు 1987లో స్ట్రేంజ్ పాటని తీసుకుని దాదాపు నాలుగు నిమిషాల దాన్ని రెండున్నర నిమిషాలకి కుదించారు, అది కూడా ఒక అభిప్రాయమే, ఇక్కడ మీరు కాస్త ఎక్కువ సాగదీశారు అని చెప్పినట్టు. నేను దానితో ఏకీభవించను, ఆ పాటలో ఉన్న నిదానమే దాని భయం. ఇక 1994లో ఎలాస్టికా అనే బ్యాండ్ పెద్ద హిట్ కొట్టింది, దాని గిటార్ మోత ఈ రికార్డులోని మూడో పాటకి మరీ దగ్గరగా ఉందని తగువు వచ్చి, కోర్టు బయట రాజీ చేసుకున్నారు. ఆ మూడో పాట నిడివి నిమిషం ఇరవై మూడు సెకన్లే. 17 ఏళ్ల తర్వాత కూడా ఇంకో బ్యాండ్‌కి హిట్ ఇవ్వగల సరుకు అందులో ఉంటే, దాన్ని చిత్తుప్రతి అని ఎలా అంటాం?

బ్యాండ్ వాళ్లకి మాత్రం వెనక్కి తిరిగి చూసుకోవడం ఇష్టం ఉండేది కాదు. మధ్యలో విడిపోయి 1980లలో మళ్లీ కలిశాక పాత పాటలు వాయించం అన్నారు. జనం ఊరుకుంటారా? 1987లో అమెరికా పర్యటనకి వెళ్లినప్పుడు ఒక పని చేశారు. వీళ్ల పాటలే వాయించే ఎక్స్ లయన్ టేమర్స్ అనే అభిమానుల బ్యాండ్‌ని వెంట తీసుకెళ్లారు. ముందు ఆ కుర్రాళ్లు స్టేజీ ఎక్కి పింక్ ఫ్లాగ్ పాటలన్నీ వాయించేవాళ్లు, తర్వాత అసలు వైర్ వచ్చి కొత్త పాటలు వాయించేది. టికెట్ కొన్న మనిషికి పాతదీ దొరికింది, కొత్తదీ దొరికింది, ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. మన దగ్గర పెద్ద గాయకులని అవే నాలుగు పాటలు ముప్పై ఏళ్లు పాడిస్తాం, పాడకపోతే అలుగుతాం. ఈ కథ విన్నాక మా అన్నయ్య చాలాసేపు నవ్వి, తెలివైనవాళ్లే అన్నాడు. ఆ తర్వాతే రెండో వైపు శ్రద్ధగా విన్నాడు. ఫ్రాజైల్ అనే పాట, నిమిషం పైన కొద్దిగా ఉంటుంది, ఆ కరుకు మోతల మధ్య మెత్తగా వినిపిస్తుంది, దాన్ని మాత్రం మళ్లీ వేయమన్నాడు. మూడుసార్లు వేశాను. మూడోసారి, చరణం లేకపోయినా సరిపోయిందే అన్నాడు, తనలో తనే అనుకున్నట్టు.

నాకు జరిగిన ఒక నష్టం కూడా చెప్తాను. సొంతంగా ఉండాలని ఒక వెబ్‌సైటులో సెకండ్ హ్యాండ్ సీడీ కొన్నాను, 1990లలో వేసిన ముద్రణ. చివరి పాట ఉంది కదా, ఒకటి, రెండు, ఎక్స్, నువ్వు అని పేరు, ఆ ఎక్స్ దగ్గర ఒక బూతు ఉండాలి, దాన్ని వాళ్లే కొట్టేసి ఎక్స్ అని పాడతారు. రెండు నిమిషాల లోపే, గోడకి గుద్దుకున్నట్టు ఆగుతుంది. అక్కడ రికార్డు అయిపోవాలి. గదిలో నిశ్శబ్దం ఉండాలి, మనం ఊపిరి తీసుకోవాలి. నా సీడీలో అది ఆగిన వెంటనే ఇంకో పాట మొదలైంది, తర్వాత ఇంకోటి. 1978లో సింగిల్‌గా వచ్చిన పాటలట, అదనంగా చేర్చారు. ఆ రెండూ మంచి పాటలే, విడిగా అయితే ఇష్టంగా వింటాను. కానీ 21 పాటల తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దం కూడా రికార్డులో భాగమే. అట్టమీద బొమ్మ చూడండి, వెడల్పాటి ఆకాశం, ఒక జెండా కర్ర, దానికి గులాబీ రంగు జెండా, అంతే. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ ఊళ్లో సముద్రం పక్క మైదానంలో తీసిన ఫొటో, జెండా తర్వాత చేర్చింది. ఆ ఖాళీలో ఇంకో రెండు జెండాలు పాతితే ఎలా ఉంటుంది? 2006లో వేసిన ముద్రణలో ఆ రెండు పాటలూ తీసేసి మళ్లీ 21కే తెచ్చారు. ఇప్పుడు నా దగ్గర అదే ఉంది.

మీ పాఠకుడికి నాదొక మనవి, మీ ద్వారా. అయ్యా, మీరు పొట్టి పాటల మీద విసుగుతో ఉన్నారు, ఉండండి. కానీ ఈ ఒక్క రికార్డుని ఒక సాయంత్రం, ఫోన్ పక్క గదిలో పెట్టి, మొదటి నుంచి వరుసగా వినండి. పదో పాట అయ్యాక లేచి మంచినీళ్లు తాగి రండి. మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. ఆగిన చోట మీకు ఇంకా కావాలనిపిస్తోందా, ఏదో లేదనిపిస్తోందా, ఆ రెండూ వేరు వేరు. మా మాస్టారిలాగా నచ్చలేదనొచ్చు. అప్పుడు మళ్లీ మీ పేజీలో రాయండి, నేను చదువుతాను. సికింద్రాబాద్ వైపు వచ్చే పని ఉంటే మా వరండాలోనే వినొచ్చు, ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక రికార్డు తిరుగుతూనే ఉంటుంది, మాస్టారు కూడా ఉంటారు.

సంపాదకులకి చివరిగా ఒక్క మాట. మీ పేజీలో జాగా తక్కువని తెలుసు. కత్తిరించాల్సి వస్తే మా ఇంటి సంగతులు, నా ఉద్యోగం సంగతి తీసేయండి, నాకేం అభ్యంతరం లేదు. పాటల నిడివులు మాత్రం ఉంచండి, ముఖ్యంగా ఆ 28 సెకన్లు. దాన్ని అర నిమిషం అని గుండ్రంగా రాయొద్దు.

మీ పాఠకురాలు,
సికింద్రాబాద్